తొంభై రెండు కిలోల మనిషికి

మార్చి 4, మంగళవారం

బట్టలు రెండు బకెట్లు. పక్క దుప్పట్లు మార్చాను. వంటింట్లో పై అరలు తుడిచాను. మందుల డబ్బా వారానికి సరిపడా సర్దాను. ఆయన ప్యాంట్లు రెండు నడుము దగ్గర పట్టి కుట్టాను. ఈ సబ్బుకి బట్టలు సాగుతున్నట్టున్నాయి. సబ్బు మార్చాలి.

జావ మధ్యాహ్నం అరగ్లాసు, సాయంత్రం నాలుగు చెంచాలు. కాస్త మెరుగు.

ఆస్పత్రి నుంచి నర్సు ఫోను చేసింది. ఇక మీదట ప్రతి మంగళవారం ఆయన బరువు చూసి చెప్పాలట. ఇంట్లో ఉన్న మిషనుకి బ్యాటరీ అయిపోయిందని చెప్పాను. కొనాలి.

సాయంత్రం బాల్కనీలో కుర్చీ వేసి కూర్చోబెట్టాను. గోడకి ఆనించి ఉన్న సైకిలు వంక చాలాసేపు చూసి, "లేచి తిరగడం మొదలెట్టగానే ముందు ఈ చక్రాలు పీకించెయ్యాలోయ్. చేత్తో కట్టినవి వేయించుకుంటాను" అన్నారు.

లేచి తిరగడం మొదలెట్టగానే అన్నారు. ఆయన నోట ఆ మాట విని ఎన్నాళ్ళయిందో. రేపే కనుక్కుంటాను.

మార్చి 5

ఆయన ఆదివారం సైకిళ్ళ జట్టులో ఒకాయనకి ఫోను చేశాను. చేత్తో చక్రాలు కట్టే అమ్మాయి ఒకతె ఉందట. చిరునామా ఇచ్చాడు. "లారీ ఎలా ఉన్నాడండీ?" అని అడిగాడు. కాస్త మెరుగని చెప్పాను.

జట్టులో ఈయన పేరు లారీ. తెల్లవారకముందే పదిమంది రోడ్డు సైకిళ్ళ మీద బయల్దేరతారు, ఈయన వెనక నుంచి వస్తుంటే "లారీ వస్తోంది, దారివ్వండ్రా" అని అరుస్తారు. షాపులో దొరికే చక్రాలు ఈయన కింద ఆగవు. వెనక చక్రంలో స్పోకు ఫట్‌మని తెగుతుంది, రిమ్ము వంకర పోతుంది, ఈయన సైకిలు భుజాన వేసుకుని మిట్టమధ్యాహ్నానికి ఇల్లు చేరతారు. చెమటలు కారుతూ గుమ్మంలో నిలబడి, "మళ్ళీ విరిచానోయ్" అంటారు. ఏదో పతకం తెచ్చినట్టు.

మార్చి 8, శనివారం

తమ్ముడు లాండ్రీ వ్యాను డ్యూటీ అవగానే వచ్చి వాళ్ళ బావ దగ్గర కూర్చున్నాడు. నేను బస్సెక్కి చక్రాల అమ్మాయి దగ్గరికి వెళ్ళొచ్చాను.

పాత మేడ మెట్ల కింద గది. గోడ నిండా రిమ్ములు, గాజుల కొట్టులో వేలాడదీసినట్టు. నడుమ బల్ల, దాని మీద ఇనుప స్టాండు, స్టాండులో సగం కట్టిన చక్రం. అమ్మాయికి ముప్ఫై ఏళ్ళుంటాయి. జుట్టు బిగించి ముడేసి, ముళ్ళో ఒక స్పోకు గుచ్చుకుంది. పిన్ను దొరక్క కాబోలు.

"ఎవరికండీ?"

"మా ఆయనకి."

"ఎంత దూరం తొక్కుతారు?"

"ప్రతి ఆదివారం డెబ్భై కిలోమీటర్లు."

"రోడ్లు?"

"సగం మంచివి, సగం మన మునిసిపాలిటీవి."

నవ్వింది. "బరువు?"

"తొంభై రెండు."

రాసుకుంది. అలాంటి మనిషికైతే ముందు చక్రానికి ఇరవై ఎనిమిది, వెనక ముప్ఫై రెండు స్పోకులు వెయ్యాలంది. తర్వాత, "ఆయన్ని ఒకసారి తీసుకురండి. నేను మనిషిని తూచకుండా కట్టను" అని మూలనున్న తూకం పళ్ళెం చూపించింది.

"నా మాట చాలదా?"

"మాటలకి చక్రాలు కట్టి మూడుసార్లు చేతులు కాల్చుకున్నానండీ. బరువు అడిగితే అందరూ నాలుగైదు కిలోలు మింగేస్తారు. మగవాళ్ళు మరీను."

"నేను మింగే రకం కాదు."

నన్ను ఎగాదిగా చూసింది. "అవును, మీరు లెక్క తప్పే మనిషిలా లేరు. సరే, సరుకు తెప్పిస్తాను. కట్టేలోగా మాత్రం ఒకసారి రమ్మనండి."

ఎలాగూ అంత దూరం వెళ్ళానని ఒక సంగతి అడిగాను. ఎందుకైనా మంచిదని అందరికీ ఎక్కువ స్పోకులే వేసెయ్యొచ్చుగా, గట్టిగా ఉంటాయిగా అని.

"గట్టిగానే ఉంటాయి. బక్క మనిషి కింద మరీ గట్టి చక్రం వేస్తే మంచం కోడు మీద కూర్చోబెట్టినట్టేనండీ. ప్రతి గతుకూ వెన్నులోకే వస్తుంది. చక్రం కూడా మనిషిని చూసి కాస్త వంగాలి."

మాకు ఆ సమస్య లేదన్నాను. సగం డబ్బు ముందుగా ఇచ్చాను. రిమ్ముల కాగితాలు ఇంటికి తెచ్చాను.

మార్చి 9, ఆదివారం

గది ఊడ్చి తుడిచాను. దిండు గలీబులు. మందులు వేళకి పడ్డాయి.

పొద్దుటి ఎండలో ఆయన పక్కన కూర్చుని కాగితాలు చదివాను. ఈ ఇంట్లో ఏది కొన్నా ఇద్దరం కూర్చుని కొంటాం. ఆయన కావాలన్నది నేను వద్దంటాను, నేను వద్దన్నది ఆయన తెస్తారు, అలా.

కార్బను రిమ్ములు తేలిక, ఖరీదు. అల్యూమినియం చాలన్నారు. స్పోకులు నల్లవా తెల్లవా అంటే, నల్లవైతే మట్టి కనపడదన్నాను. "కనపడకపోతే నువ్వు నన్ను తుడవమని సతాయించవు. అప్పుడు అసలు తుడవను. తెల్లవే" అన్నారు. వెనక చక్రం నడుమ ఉండే హబ్బు రెండు రకాలు. ఒకటి తొక్కడం ఆపినప్పుడు చప్పుడు చెయ్యదు. ఇంకోటి టకటకమని వీధంతా వినిపిస్తుంది. నేను చప్పుడు లేనిది అన్నాను.

"చప్పుడుండాలే. నేను వస్తున్నానని తెలియొద్దూ?"

సరే అదే రాశాను. ఆఖర్న, ముందు ఇరవై ఎనిమిది, వెనక ముప్ఫై రెండు అని చదివాను.

"అన్ని స్పోకులు ఎవరికి?"

"మీకే. తొంభై రెండు కిలోలకి అన్ని కావాలట."

కాసేపు నా మొహంలోకి చూశారు. "ఎవరే ఆ తొంభై రెండు కిలోలాయన? నేను మంచాన పడ్డాక ఇంట్లో ఎవర్నన్నా పెట్టావా?"

నవ్వాను. ఆయనా నవ్వారు. నవ్వితే దగ్గొచ్చింది. వీపు రాశాను.

మార్చి 11

నర్సు ఫోను. ఆ సైజు బ్యాటరీ దొరకడం కష్టమని చెప్పాను.

జావ నాలుగు చెంచాలు. కాస్త మెరుగు.

మార్చి 15, శనివారం

కొత్త సబ్బు. బట్టలు రెండు బకెట్లు. ప్యాంటు మళ్ళీ వదులైంది. సబ్బు తప్పు కాదేమో, గుడ్డే అంత.

తమ్ముడు వ్యాను తెచ్చి, "బావకి క్షవరం చేయించుకొస్తానక్కా, గాలి కూడా తగుల్తుంది" అన్నాడు. మెట్ల మీద నుంచి చేతుల మీద దింపాడు. రెండున్నర గంటలు పట్టింది. మందులకి ఊడగా మిగిలిన నాలుగు వెంట్రుకలకి రెండున్నర గంటలేమిటో. తిరిగొచ్చాక చూస్తే ఆ నాలుగూ అలాగే ఉన్నాయి.

"జనం ఎక్కువున్నారక్కా" అన్నాడు.

ఆయన అలసిపోయారు గానీ మొహం తేటగా ఉంది. అడగలేదు.

మార్చి 18

జావ మూడు చెంచాలు. కాస్త మెరుగు.

బ్యాటరీ మర్చిపోయాను.

మార్చి 21, శుక్రవారం

ఆస్పత్రి. డాక్టరు మందులు ఆపేశారు. ఇంక ఇవి అక్కర్లేదు, నొప్పికి మాత్రం ఉంచుదామన్నారు. వారం వారం డబ్బా సర్దే పని తప్పింది. అవి మింగలేక ఎంత అవస్థ పడేవారో.

బయటికొచ్చి చూస్తే తమ్ముడు గోడవైపు తిరిగి నిలబడి ఉన్నాడు. వాడికి చిన్నప్పటి నుంచి ఆస్పత్రి వాసన పడదు.

మెట్లెక్కేటప్పుడు మొదటి మలుపులో కూర్చుండిపోయారు. నేనూ పక్కన కూర్చున్నాను. కింద వాటా ఆవిడ తలుపు తీసి చూసి, మంచినీళ్ళు తెచ్చిచ్చింది. బెల్టుకి ఇంకో చిల్లు పొడిచాను.

మార్చి 29, శనివారం

చక్రాలు వచ్చాయి. వ్యానులో వస్తూ వస్తూ తమ్ముడు తెచ్చాడు. ఆయన నిద్రపోతున్నారు. వంటింటి బల్ల మీద పెట్టి సంచీ విప్పాను. తెల్లటి స్పోకులు. ఎంత బాగున్నాయో. బజారు నుంచి ఏ సరుకొచ్చినా లెక్క చూసుకోవడం అలవాటు కాబట్టి స్పోకులు లెక్కపెట్టాను.

ముందు చక్రానికి ఇరవై. వెనక ఇరవై నాలుగు.

మళ్ళీ లెక్కపెట్టాను. తమ్ముణ్ణి కూడా లెక్కపెట్టమన్నాను.

"ఇరవై నాలుగేనక్కా."

"నేను చెప్పింది ముప్ఫై రెండు. వీటి మీద మీ బావ కూర్చుంటే మొదటి సందు తిరగకుండా విరుగుతాయి."

"విరగవులేక్కా."

"నీకేం తెలుసు?"

వాడు కిటికీలోంచి వ్యాను వంక చూశాడు. "ఆ అమ్మాయికి తెలుసులే" అని వెళ్ళిపోయాడు. కాఫీ కూడా తాగలేదు.

మార్చి 31, సోమవారం

పొద్దున్నే గది తుడిచి, జావ ఇచ్చి, కింద వాటా ఆవిణ్ణి కూర్చోబెట్టి, రెండు చక్రాలూ పట్టుకుని బస్సెక్కాను. కండక్టరు వాటికీ టికెట్టు కొట్టాడు.

"అమ్మాయ్, ఇవి ఎవరివో నాకిచ్చావు" అన్నాను.

"మీవేనండీ."

"నేను తొంభై రెండు కిలోలకి చెప్పాను."

ఆ అమ్మాయి చేతిలో పని పక్కన పెట్టింది. "ఆయన వచ్చారండీ. మీ తమ్ముడుగారు ఎత్తుకుని తెచ్చారు. తూకం మీద మాత్రం ఎవర్నీ పట్టుకోకుండా ఒక్కరే నిలబడ్డారు. యాభై ఎనిమిది. నమ్మలేక రెండోసారి చూశాను. తగ్గించి చెప్పినవాళ్ళని చాలామందిని చూశాను గానీ, పెంచి చెప్పినవాళ్ళని మిమ్మల్నేనండీ చూడటం."

క్షవరం అక్కడ జరిగిందన్నమాట.

"నేను చెప్పిన లెక్కకి కట్టాలి గానీ..."

"తొక్కేదెవరండీ?"

"మా ఆయన."

"ఆయనకే కట్టాను."

నాకు ఒళ్ళు మండింది. డబ్బిచ్చేది నేను, మాట చెప్పింది నేను, నాతో ఒక్క ముక్క అనకుండా మార్చేశారు అన్నాను. ఇంకా ఏవో అన్నాను.  నేను ఆగాక ఆ అమ్మాయి మెల్లగా అంది.

"మీరు కోప్పడతారని ఆయన ముందే చెప్పారు. 'మా ఆవిడతో వాదించకు, ఇంతవరకు ఎవరూ గెలవలేదు' అన్నారు. 'తొంభై రెండు అంటుంది, వినకు. ఆ మనిషి వెళ్ళిపోయాడు. ఉన్నవాడికి కట్టు' అన్నారండీ."

స్టూలు మీద కూర్చున్నాను.

"మళ్ళీ విప్పి మీరు చెప్పినట్టే కట్టమంటే కడతాను. వారం పడుతుంది."

వారం అనేసరికి స్టూలు మీంచి లేచాను. చక్రాలు తీసుకుని వచ్చేశాను. మిగతా సగం ఇవ్వలేదు. ఇవ్వనని కూడా అన్నాను, గుమ్మం దాటుతూ.

సాయంత్రం తమ్ముడొచ్చాడు. మాట్లాడలేదు. అన్నం మాత్రం పెట్టాను.

ఏప్రిల్ 1, మంగళవారం

దుప్పట్లు ఉతికాను. గోరువెచ్చటి నీళ్ళతో ఆయన ఒళ్ళు తుడిచాను. తుడుస్తూ అడిగాను.

"నాతో చెప్పొచ్చుగా."

"చెప్పానుగా. ఎవరే ఆ తొంభై రెండు కిలోలాయన అని."

"అది వేళాకోళం."

"కాదే."

కాళ్ళు తుడిచాను. మోకాళ్ళు. ఎప్పుడూ గుడ్డ గబగబా లాగేసేదాన్ని, ఇవాళ నెమ్మదిగా తుడిచాను.

"నువ్వు రోజూ ఆయనకే వండుతున్నావు. ఆయన ప్యాంట్లే కుడుతున్నావు. ఆఖరికి చక్రాలు కూడా ఆయనకేనా? నాకు కుళ్ళు పుట్టింది" అన్నారు. నవ్వుతూనే అన్నారు. "ఒక్కసారి ఎక్కుతాను. ఆ ఒక్కసారి ఈ ఎముకలకి మెత్తగా ఉండొద్దూ?"

ఒక్కసారేమిటి అనబోయాను. అనలేదు.

కింద కొట్టుకి వెళ్ళి బ్యాటరీ తెచ్చాను. గల్లా పక్కనే వేలాడుతున్నాయి. మిషనులో వేసి, ఆయన్ని నిలబెట్టాను. నర్సుకి నేనే ఫోను చేసి చెప్పాను.

యాభై ఐదు.

ఏప్రిల్ 2

తమ్ముడికి కాఫీ ఇచ్చాను. "బావని ఎత్తుకెళ్ళినప్పుడు నడుం పట్టిందా?" అని అడిగాను. "లేదక్కా, అస్సలు బరువు..." అని ఆగిపోయాడు. తర్వాత గుక్క తిప్పుకోకుండా ఏడ్చాడు. నేను కప్పు కడిగాను.

ఏప్రిల్ 6, ఆదివారం

పొద్దున్నే చక్రాలు బిగించాడు తమ్ముడు. ముందు సైకిలు కిందికి దింపి, తర్వాత వాళ్ళ బావని దింపాడు. పాత జెర్సీ వేశాను. నడుము దగ్గర చిన్న క్లిప్పు పెట్టాల్సి వచ్చింది. హెల్మెట్టు పట్టీ ఆఖరి దాకా లాగాను.

మా సందు పోస్టు డబ్బా దాకా కొంచెం పల్లం. వీధిలో ఎవరూ లేరు. సీటు మీద కూర్చోబెట్టి తమ్ముడు వెనక పట్టుకున్నాడు. నేను గేటు దగ్గర తువ్వాలుతో నిలబడ్డాను.

"ఒదిలెయ్‌రా."

"బావా, కాస్త దూరం..."

"ఒదుల్. లారీ వస్తోంది."

వదిలాడు. రెండుసార్లు తొక్కారు, అంతే. తర్వాత కాళ్ళు ఆపేశారు. ఆ హబ్బు టకటకమని మొదలెట్టింది. ఖాళీ వీధిలో ఎంత చప్పుడో. వెనక నుంచి చూస్తుంటే పొడుగ్గా, సన్నగా, ఎవరో కొత్త మనిషి వెళ్తున్నట్టుంది. ఇన్నాళ్ళూ పక్కన కూర్చుని తినిపిస్తున్నానే గానీ ఆ మనిషిని నేను సరిగ్గా చూడలేదు. మెడ వెనక ఎముక ఎంత ఎత్తుగా ఉందో. భుజాలు కిందికి జారలేదు. హ్యాండిలు గట్టిగా పట్టుకోలేదు, వేళ్ళు అలా ఆనించారంతే, అలవాటు ఉన్నవాళ్ళు పట్టుకున్నట్టు.

మూడో ఇంటి ముందు గొయ్యి ఉంది. వీధిలో అందరికీ తెలుసు, పాలవాడు కూడా తప్పించుకుని వెళ్తాడు. ఆయన తప్పించుకోలేదు. చూసి చూసి దాని మీదే పోనిచ్చారు.  చక్రం దిగింది, లేచింది, సాగిపోయింది.

పోస్టు డబ్బా దగ్గర కాలు ఆనించి నిలబడ్డారు. తమ్ముడు పరుగెత్తాడు. వచ్చేటప్పుడు ఎగుడు కాబట్టి, వీపు మీద చెయ్యి వేసి తోస్తూ తెచ్చాడు. "జట్టు మొత్తం కలిసినా లారీని తొయ్యలేకపోయేవాళ్ళు బావా, ఇవాళ నేనొక్కణ్ణే తోశా" అన్నాడు. ఇద్దరూ రొప్పుతున్నారు.

"గొయ్యి తెలీలేదే" అన్నారు నాతో. "అస్సలు తెలీలేదు."

మొహం తుడిచాను.

"ఇంకో రౌండు బావా?"

"చాల్లేరా. కొత్త చక్రాలు, అరిగిపోతాయి."

జావ ఆరు చెంచాలు.

ఏప్రిల్ 8

యాభై నాలుగు.

జావ రెండు చెంచాలు.

ఏప్రిల్ 11

సైకిలు గదిలోకి తెమ్మన్నారు. మంచం పక్కన తలకిందులుగా నిలబెట్టాను. వెనక చక్రం చేత్తో తిప్పితే టకటకమంటుంది. కళ్ళు మూసుకుని విన్నారు. మెల్లమెల్లగా ఆగిపోతుంది. ఆగినప్పుడల్లా తిప్పాను.

ఏప్రిల్ 14, సోమవారం

పొద్దున్నే పోయారు. నేను పక్కనే ఉన్నాను.

పాలు పొయ్యి మీద మర్చిపోయాను. పొంగిపోయాయి. పొయ్యి తుడిచాను.

మే 10, శనివారం

బట్టలు ఒక బకెట్టు, అదీ సగమే. అన్నం ఒకపూట వండితే రెండు పూటలా వస్తోంది. బాల్కనీ కడిగాను.

తమ్ముడు వచ్చి సైకిలు వంక చూసి, "అక్కా, అది..." అన్నాడు. వాడు ఎనభై ఆరు కిలోలు. వాడికి ఇవి ఆగవని చెప్పాను. "నాకొద్దక్కా, ఊరికే అడిగా" అన్నాడు. ఇద్దరం కాఫీ తాగాం.

మే 13

చక్రాల అమ్మాయి ఫోను చేసింది. డబ్బు కోసం అనుకున్నాను. కాదు. కొత్త చక్రాలు నెల నడిచాక స్పోకులు కాస్త సడలుతాయి, ఒకసారి తెస్తే చూసి బిగిస్తాను, అది ఊరికే చేస్తాను అంది. తెస్తానన్నాను. ఇంకేం చెప్పలేదు.

మే 14, బుధవారం

ఇల్లు ఊడ్చాను. ఆయన జెర్సీలు ఉతికి మడిచాను. చక్రాలు ఊడదీయడం నాకే వచ్చింది.

అమ్మాయి వెనక చక్రం స్టాండులో పెట్టి తిప్పింది. కంటితో చూసింది. వేలితో ఒక స్పోకు మీటింది, ఇంకోటి మీటింది. తలెత్తి నా వంక చూసింది.

"ఎంత నడిచాయండీ?"

"పోస్టు డబ్బా దాకా వెళ్ళి వచ్చాయి."

తన చెయ్యి రిమ్ము మీద ఆగిపోయింది. కాసేపటికి, "ఎప్పుడండీ?" అంది. చెప్పాను.

చక్రం ఇంకోసారి తిప్పింది. తర్వాత, "ఇవి అస్సలు సడల్లేదండీ. బిగించాల్సిందేం లేదు" అంది.

"చూసి బిగిస్తానన్నావుగా. చూడు."

చూసింది. ఒక్కో స్పోకూ మీటి, చెవి దగ్గర పెట్టి విని, తర్వాత దానికి వెళ్ళింది. ముందు చక్రం కూడా. నేను స్టూలు మీద కూర్చున్నాను. తొందర పడలేదు, మిగతావాళ్ళకి ఎంత సేపు చూస్తుందో అంతసేపూ చూసింది.

"ఆయన ఏమన్నారండీ, ఎక్కినప్పుడు?"

"గొయ్యి తెలీలేదన్నారు."

తల ఊపింది. చేతులు గుడ్డకి తుడుచుకుంది, మళ్ళీ తుడుచుకుంది. "ఎవరికైనా ఇవ్వాలనుకుంటే చెప్పండి. వాళ్ళ బరువుకి విప్పి కడతాను."

"వద్దమ్మా. విప్పొద్దు."

ఆ రోజు ఇవ్వని సగం డబ్బు తీసి బల్ల మీద పెట్టాను. ఇప్పుడెందుకండీ, ఉంచండి అంది.

"ఎవరికి కట్టాలో వాళ్ళకే కట్టావు. ఉంచుకుంటే ఎలా?" అన్నాను.

తీసుకుంది. లెక్కపెట్టుకోమన్నాను, లెక్కపెట్టుకుంది. రెండు చక్రాలూ బస్సులో ఒళ్ళో పెట్టుకుని వచ్చాను. తేలిగ్గానే ఉన్నాయి.

చక్రాల అమ్మాయికి మిగతా సగం ముట్టింది. బాకీ చెల్లు.